వాల్పరైలో సింహపు తోక కోతుల ఫోటోలు: నా అనుభవం

రోడ్డు మీదికి దిగిన సింహపు తోక కోతిని ఫోటో తీయడం పెద్ద కష్టమేమీ కాదు. తమిళనాడులోని ఆలియార్ దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కి వాల్పరై చేరితే, ఊరికి దగ్గర్లోనే పుదుతోట్టం అనే చిన్న అడవి ఉంటుంది. అక్కడ అవి చాలాసార్లు కళ్ల ముందే తిరుగుతుంటాయి. అందరూ తీసుకొచ్చేది ఆ ఫోటోనే. నాకు మాత్రం ఆ జంతువును దాని చెట్టు మీద, దాని తిండి అది తింటుండగా తీయాలని పట్టుదల. అలాంటి ఫోటో దొరకడానికి చాలాకాలం పట్టింది.

నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ వెండి రంగు జూలు, చివర కుచ్చున్న తోక. పశ్చిమ కనుమల్లో కేరళ, కర్ణాటక, తమిళనాడు అడవుల్లో తప్ప ఇది సహజంగా ప్రపంచంలో ఇంకెక్కడా బతకదు. ఎదిగిన కోతులు మొత్తం కలిపినా 2,500 లోపేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా. కేరళలో సైలెంట్ వ్యాలీని ముంచేసే జలవిద్యుత్ ప్రాజెక్టును 1983లో పక్కన పెట్టి, మరుసటి ఏడాది ఆ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఆ ప్రాజెక్టును ఆపాలని సాగిన ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే. దీని మీద నాకు మమకారం మొదలైంది ఆ కథ చదివాకే.

పుట్టినప్పటి నుంచి కొమ్మల మీదే బతకాల్సిన జంతువు రోడ్డు మీద ఎందుకు ఉంది? వాల్పరైలో బ్రిటిష్ కాలం నుంచి టీ, కాఫీ తోటల కోసం అడవిని నరికేశారు. మధ్యలో మిగిలినవి ముక్కలే. పుదుతోట్టం అడవి మొత్తం కలిపి చదరపు కిలోమీటరు కూడా ఉండదు. కొమ్మకు కొమ్మ అందని చోట కోతి కిందికి దిగక తప్పదు. వాహనాల కింద పడి కొన్ని చనిపోయాయి కూడా. అందుకే రోడ్డు పైన చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టారు. కోతులు దాటేటప్పుడు బండ్లను నెమ్మదిగా పోనివ్వడానికి వాచర్లు ఉంటారు. ఆ వాచర్లలో ఒకరి పక్కన నిలబడి నేర్చుకున్నదే నాకు ఎక్కువగా పనికొచ్చింది.

"అన్నా, ఈ రోజు గుంపు ఎటు ఉంది?" అని నా వచ్చీరాని తమిళంలో అడిగితే, ఆయన నేల వైపు చూపించాడు. "సార్, ముందు కింద చూడండి. పైకి తర్వాత చూద్దురు గానీ." నేల మీద లేత గోధుమరంగు పూలు రాలి ఉన్నాయి. కొన్ని వాటంతట అవే రాలినవి, కొన్ని కొరికి పారేసినవి. కల్లీనియా అనే పెద్ద వర్షారణ్య వృక్షం పూలవి. వాటికి రేకులుండవు. కండగల గొట్టంలాంటి భాగం ఉంటుంది, కోతికి కావలసింది అదే. కొరికిన చోటు ఇంకా తడిగా ఉంటే గుంపు దగ్గర్లోనే ఉన్నట్టు. ఎండి గోధుమరంగుకు తిరిగితే వెళ్లిపోయినట్టు. అప్పటి నుంచి కోతుల కోసం తిరగడం మానేసి, పూసిన చెట్టో, పండిన పనస చెట్టో చూసుకుని దాని దగ్గర కాపు కాయడం మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక మాట. ఆ అడవి ఎస్టేట్ భూమి, చుట్టూ ఆనమలై టైగర్ రిజర్వ్. రోడ్డు దిగి లోపలికి వెళ్లాలంటే ఎస్టేట్ వాళ్ల అనుమతో, అటవీ శాఖ అనుమతో ఉండాల్సిందే. ఏనుగులు, చిరుతలు తిరిగే చోటు కాబట్టి తెలిసిన మనిషి తోడు లేకుండా అడుగు వేయకూడదు. వానాకాలంలో జలగలు సరేసరి, ప్యాంటు మీద మోకాలి దాకా లీచ్ సాక్స్ కట్టుకుంటే గొడవ ఉండదు.

చెట్టు దొరికాక అసలు చిక్కు వెలుతురుతో. కింద నుంచి పైకి కెమెరా ఎత్తితే వెనక తెల్లటి ఆకాశం, ముందు నల్లటి కోతి. వచ్చేది నల్లటి నీడే. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి వచ్చే వెలుతురును, ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే రెట్టింపు) పెంచితే ముఖం కనిపిస్తుంది గానీ ఆకాశం పూర్తిగా తెల్లబడిపోతుంది. అదే కోతి ముదురు ఆకుపచ్చ నీడలో కూర్చుంటే లెక్క తిరగబడుతుంది. నలుపును కెమెరా బూడిద రంగు చేయబోతుంది, వెండి జూలులో ఒక్క వెంట్రుక కూడా విడిగా కనబడదు. అక్కడ ఒక స్టాప్ తగ్గించాలి. జూలు పాడైతే ఇక ఆ ఫోటోలో ఏమీ మిగలదు, కాబట్టి నేను ముందు చూసేది జూలునే.

ఈ చిక్కుకు సగం జవాబు వాలులో దొరికింది. చెట్టు కింద నిలబడకుండా, లోయకు పైవైపున ఉన్న రోడ్డు అంచున నిలబడితే, కింద మొలిచిన చెట్ల తలలు సరిగ్గా మన కంటి ఎత్తుకు వస్తాయి. వెనక ఆకాశం ఉండదు, అవతలి కొండ పచ్చదనం ఉంటుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద పెద్ద లెన్స్, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 నుంచి 6400, కూర్చున్న కోతికి షటర్ వేగం సెకనులో 1/250 వంతు, దూకే కోతికి 1/1000 వంతు. ఫోకస్‌కు ఒక్క పాయింటే పెట్టుకుని కన్ను మీద ఉంచాలి, లేకపోతే ముందున్న ఆకు లాగేసుకుంటుంది. ఫ్లాష్ వద్దే వద్దు.

నేను కోరుకున్న ఫోటో అలాంటి వాలు దగ్గరే వచ్చింది. పొద్దున్నే నీలగిరి కొండముచ్చు "హూ హూ" అని లోయంతా మారుమోగేలా అరిచి ఆగింది. కాసేపటికి ఆకులు కదిలాయి. ఒక ఆడకోతి కల్లీనియా కొమ్మ మీదికి వచ్చి కూర్చుంది. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. దానికి ఇంకా జూలు రాలేదు, ముఖం లేత గులాబీ రంగులో ఉంది. తల్లి ఒక్కో పూవు తుంచి, కండ కొరికి, మిగతాది వదిలేస్తోంది. కొన్ని నమలకుండా బుగ్గసంచిలో దాస్తోంది. పిల్ల చెయ్యి చాచి తల్లి మూతి దగ్గరి పూవును పట్టుకున్నప్పుడు షటర్ నొక్కాను.

తర్వాత తల్లి నావైపు చూసి కోరలు కనిపించేలా ఆవలించింది. అది నిద్ర ఆవలింత కాదు, టెన్షన్. వెంటనే కెమెరా దించి వెనక్కి జరిగాను. కోతుల దగ్గర కనీసం 7 మీటర్ల దూరం పాటించాలని ఐయూసీఎన్ నిపుణుల సూచన. మన జలుబు, దగ్గు వాటికి సోకే ప్రమాదం ఉంది కాబట్టి మాస్కు కూడా పెట్టుకుంటాను. వాల్పరైలో కారు అద్దం దించి బిస్కెట్లు విసిరేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రోడ్డు పక్కన తిండి దొరుకుతుందని ఒకసారి తెలిస్తే ఆ కోతి పైన వంతెన ఉన్నా కిందికే వస్తుంది.

గుంపులోని పెద్ద మగ కోతిని మాత్రం ఆ ఎత్తులో ఇంకా తీయలేకపోయాను. ఆడవాటికంటే వెనక, గుబురు ఆకుల్లోనే కూర్చుంది. పనస పండ్ల కాలంలో అదే వాలు దగ్గర నిలబడడానికి ఎస్టేట్ వాళ్లను మళ్లీ అనుమతి అడిగాను.