ఫుస్తాత్ వర్తకుల చెల్లింపు చీటీలు

పాత కైరోలోని ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. దేవుని నామం ఉన్న రాతను పారేయకూడదన్న నియమం వల్ల అక్కడివారు పాత కాగితాలను ఒక గదిలో వేస్తూ వచ్చారు. కాలక్రమేణా మామూలు లెక్కలు, ఉత్తరాలు, కోర్టు పత్రాలు కూడా అందులోకే చేరాయి. 1897లో సొలొమన్ షెఖ్టర్ అనే యూదు పండితుడు వాటిలో అధికభాగాన్ని కేంబ్రిడ్జికి చేర్చడం వల్లే మధ్యయుగపు యూదు వర్తకుల డబ్బు వ్యవహారం ఇంత దగ్గరగా మనకు కనిపిస్తోంది.

ఈ గుట్టలో నన్ను బాగా ఆకట్టుకున్నవి 12వ శతాబ్దం నాటి అబూ జిక్రి కోహెన్ చీటీలు. ఆయన ఫుస్తాత్‌లో వర్తకుల ప్రతినిధి. దూరప్రాంతాల వర్తకుల సరుకునూ సొమ్మునూ చూసుకునేవాడు. హీబ్రూ లిపిలో అరబ్బీ భాష రాసిన చిన్న కాగితం ముక్క మీద, ఫలానావారికి ఇంత మొత్తం ఇవ్వవలసిందని తన సొమ్ము ఎవరి దగ్గర ఉందో వారికి ఆయన పురమాయించేవాడు. నేటి చెక్కు చేసే పని సరిగ్గా ఇదే. అయితే దాని వెనక నమోదైన బ్యాంకు లేదు, రాసినవాడి పరపతే ఉంది. పెద్ద వర్తకులే కాదు, మామూలు కుటుంబాలు కూడా కిరాణా సామాను కోసం దుకాణదారులకు ఇలాంటి చీటీలు పంపేవి.

ఊరు దాటి సొమ్ము పంపడానికి సుఫ్తజా అనే పత్రం వాడేవారు. ఒక ఊళ్లో సొమ్ము కట్టి, ఈ పత్రం చూపి మరో ఊళ్లో తీసుకోవడం దీని పద్ధతి, మన పాతకాలపు వర్తకుల హుండీ లాంటిదే. దారిలో దొంగల భయం, సముద్రంలో ఓడ మునిగే భయం ఉన్న కాలంలో నాణేల సంచికి బదులు కాగితం పంపడం ఎంతో క్షేమం. కానీ యూదు ధర్మశాస్త్రానికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. సాక్షుల సంతకాలున్నా సరే, కేవలం ముద్ర వేసిన లేఖను నమ్మి సొమ్ము పంపరాదని యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తాల్ముద్ చెబుతోంది. అయినా ఇరాక్‌లోని గావోనులు, అంటే అక్కడి విద్యాపీఠాల అధిపతులు, ప్రజలు సుఫ్తజాను నిత్యం వాడుతున్నారని గమనించి, దాన్ని కాదంటే వ్యాపారమే స్తంభిస్తుందని తలచి, వర్తకుల ఆచారాన్నే తీర్పుకు ఆధారంగా తీసుకున్నారు. ఆ కాలపు ధర్మనిర్ణయాల్లో నేను మిక్కిలి గౌరవించేది దీన్నే, ఎందుకంటే శాస్త్రం తెలిసినవారే బజారు అనుభవానికి చోటిచ్చారు.

సాటి యూదుడి దగ్గర వడ్డీ తీసుకోవడం నిషిద్ధం కాబట్టి, పెట్టుబడి చాలావరకు భాగస్వామ్యంగానే తిరిగేది. ఒక వర్తకుడు మరో ఊళ్లోని మిత్రుడి సరుకు అమ్మిపెట్టేవాడు, ప్రతిఫలంగా అతడు ఇతని పని చూసేవాడు. ఇందులో రుసుం ఉండేది కాదు. మాట తప్పినవాడి సంగతి ఉత్తరాల ద్వారా రేవు నుంచి రేవుకు పాకేది కాబట్టి, పేరు పోగొట్టుకోవడమంటే అరువు పుట్టకుండా పోవడమే.

ఈ నమ్మకం ఎంత బరువు మోసేదో 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమోనిడీస్ కుటుంబం చూసింది. ఆయన తమ్ముడు డేవిడ్ హిందూ మహాసముద్రంలో మునిగిపోయినప్పుడు, తమ ఇద్దరి సొమ్ముతో పాటు ఇతరుల సొమ్ము కూడా అతని దగ్గర ఉందని మైమోనిడీస్ ఒక లేఖలో రాశాడు. తమ్ముడి భార్యా, చిన్న కూతురూ తన సంరక్షణలోకి వచ్చారనీ, ఆ దుఃఖంతో తాను సుమారు ఏడాదిపాటు మంచం పట్టాననీ అదే లేఖలో చెప్పుకున్నాడు.