బార్న్ చెక్క: మేకును అడిగితే వయసు చెబుతుంది

అమెరికాలోని పెన్సిల్వేనియా, ఒహాయో పల్లెల్లో పాత బార్న్‌లు (పశువులకూ, గడ్డికీ కట్టిన చెక్క కొట్టాలు) విప్పి, ఆ చెక్కతో బల్లలు చేసే షాపుల్లో చేరిన మనవాళ్లకు తప్పని ప్రశ్న ఒకటుంది: “ఇది ఎన్నేళ్లనాటిది?” కొనేవాడు అడుగుతాడు, ఓనరు మన మొహం చూస్తాడు. బూడిదరంగు చూసి నూటయాభై అనేయకండి. పదేళ్లు ఎండావానల్లో పడేసిన పైన్ చెక్క కూడా అలాగే అవుతుంది.

ముందు మేకు చూడండి. నాలుగు వైపులా సన్నబడి, తలమీద సుత్తి దెబ్బలుంటే కమ్మరి చేసినది, 1800కు అటూఇటూ. రెండు వైపులే సన్నబడితే యంత్రం రేకునుంచి కత్తిరించినది, 19వ శతాబ్దంలో చాలాభాగం దానిదే రాజ్యం. గుండ్రటి తీగ మేకు 1890ల నుంచి దాన్ని తరిమేసింది. మేకు ఊడిపోయినా బెజ్జం ఉంటుంది. ఓక్ చెక్కలో దాని చుట్టూ నల్లటి మరక కూడా ఉంటుంది. కానీ మరమ్మతులో కొట్టిన మేకులు మోసం చేస్తాయి; ఒక పలక మీద ఇంకో పలక కప్పి ఎండ తగలని చోట ఉన్న బెజ్జమే నమ్మదగినది.

తర్వాత రంపపు గాట్లు. పలకకు అడ్డంగా తిన్నని గీతలు పైకీ కిందికీ ఆడే రంపానివి. విల్లులా వంగితే గుండ్రటి రంపం, ఎక్కువగా 19వ శతాబ్దం మధ్య నుంచి. పాత రంపపు మిల్లులు పల్లెల్లో ఆ తర్వాతా నడిచాయి కాబట్టి తిన్నని గీత ఒక్కటే రుజువు కాదు. వంపు గీతలున్న పలకను 1790 నాటిదని అమ్మడం మాత్రం పచ్చి అబద్ధం.

చెక్క కొసన కనిపించే చెట్టు వలయాలు లెక్కపెడితే తెలిసేది చెట్టు బతికిన కాలం. బెరడు అంచు మిగలకపోతే నరికిన ఏడాది దొరకదు. దూలంలో దేనికీ అతకని ఖాళీ బెజ్జాలుంటే, అది అంతకుముందే మరో కట్టడంలో పనిచేసి ఉండొచ్చు. ఓక్‌లా కనిపిస్తూ, తేలిగ్గా ఉండి, ఓక్ అడ్డచారలు లేకపోతే చెస్ట్‌నట్ అనే చెట్టుదని అనుమానించండి. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ తెగులు యాభై ఏళ్లలోపే ఆ పెద్ద చెట్లను తుడిచిపెట్టింది, అందుకే ఆ చెక్క దొరికితే అదీ పాతదనానికి ఒక ఆనవాలే.

ఇక పని. రంగు ఉంటే సీసం పరీక్ష చేయనిదే ఇసుకకాగితం ముట్టకండి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. మెటల్ డిటెక్టర్ రెండు వైపులా తిప్పండి, విరిగిన మేకు మొన ఒక్కటి చాలు ప్లేనర్ (చిత్రిక పట్టే యంత్రం) బ్లేడు పోవడానికి. తేమ 6-8 శాతానికి దిగాలి. చిత్రిక పట్టకముందే కావలసిన పొడవుకు కోయండి. పది అంగుళాల పలక దోనెలా వంగితే నిలువునా రెండుగా చీల్చి, సాపు చేసి, జిగురుతో కలపండి. లేదంటే వంపు పోయేసరికి అంగుళం మందంలో సగమే మిగులుతుంది.

బల్ల పైపలకను కాళ్ల చట్రానికి కదలకుండా బిగించేయొద్దు. 36 అంగుళాల ఓక్ పలక, తేమ నాలుగు శాతం మారితే, దాదాపు అరంగుళం కదులుతుంది. చలికాలం హీటర్ వేసే ఇళ్లలో ఇది మామూలే. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా, పలక వెడల్పు దిశలో సాగదీసి తొలవండి. నడిమి స్క్రూ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు.