స్వాన్సీలో రాగి కంపెనీల చిట్టా పుస్తకాలు

స్వాన్సీ వెళ్తున్నానంటే లండన్‌లో మావాళ్లు బీచ్ కోసమేమో అనుకున్నారు. నేను వెళ్లింది 19వ శతాబ్దపు రాగి కంపెనీల లెక్కల పుస్తకాలు చూడ్డానికి. పాడింగ్టన్‌లో రైలెక్కితే దాదాపు మూడు గంటల ప్రయాణం. వేల్స్ దక్షిణ తీరంలో, టావీ నది సముద్రంలో కలిసే చోట ఉందీ ఊరు. ఒకప్పుడు దీన్ని కాపరోపోలిస్, అంటే రాగి నగరం, అనేవారు.

అలాగని రాగి దొరికేది ఇక్కడ కాదు. దొరికేది బొగ్గు. ఖనిజం కరిగించడానికి దాని బరువుకు మించి బొగ్గు కాల్చాలి. అందుకని బొగ్గును గనుల దగ్గరికి మొయ్యకుండా, ఖనిజాన్నే ఓడలకెత్తి ఇక్కడికి తెచ్చేవాళ్లు. మొదట ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి, 1830ల తర్వాత క్యూబా, చిలీల నుంచి కూడా. చిలీ ఓడలు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి రావాలి. ఆ దారిలో పోయిన ప్రాణాలెన్నో.

స్వాన్సీ యూనివర్సిటీ సింగిల్టన్ క్యాంపస్‌లో రిచర్డ్ బర్టన్ ఆర్కైవ్స్ ఉంది. పక్కనే ఉన్న సింగిల్టన్ ఆబీ ఒకప్పుడు హావోడ్ రాగి కర్మాగారం యజమాని జాన్ హెన్రీ వివియన్ బంగళా. రీడింగ్ రూములో పెన్ను వాడనివ్వరు, పెన్సిలే. పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పెట్టి, పేజీ ఒక్కొక్కటిగా తిప్పాలి.

ముందు ఉత్తరాల నకళ్ల పుస్తకం తీశాను. రాసిన ఉత్తరాన్ని తడిపిన పల్చటి కాగితం కింద పెట్టి ప్రెస్‌లో నొక్కితే, సిరా ఆ కాగితానికి అంటుకునేది. అదే ఆఫీసు కాపీ. ఉల్లిపొరలాంటి ఆ కాగితాల్లో వెనకపేజీ రాత ముందుకు కనిపించి అక్షరాలు కలిసిపోతాయి. కింద తెల్లకాగితం పెట్టుకుంటే తప్ప చదవలేం.

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది టికెటింగ్ లెక్క. ఖనిజం అమ్మకానికి పాట పాడే పద్ధతి లేదు. కంపెనీల మనుషులు ముందే కుప్పల నుంచి నమూనాలు తీసుకెళ్లి, వందలో రాగి ఎంతో పరీక్ష చేయించుకుంటారు. అమ్మకం రోజున ఒక్కో కంపెనీ టన్నుకు తన ధర చీటీ మీద రాసిస్తుంది. ఎక్కువ రాసినవాడిదే సరుకు. ఇద్దరు ఒకే ధర రాస్తే కుప్పను పంచుకుంటారు. టన్నంటే మామూలుగా 20 హండ్రెడ్‌వెయిట్లు (ఒక్కోటి సుమారు 50 కిలోలు), కార్న్‌వాల్ రాగి ఖనిజానికి మాత్రం 21. పైగా కరిగించే ఖర్చు కింద టన్నుకు 2 పౌండ్ల 15 షిల్లింగులు (పౌండుకు 20 షిల్లింగులు) స్థిరంగా పట్టుకునేవాళ్లు. ఖనిజంలో 8 శాతం రాగి ఉండి, చీటీలో 5 పౌండ్ల 5 షిల్లింగులు రాశారనుకోండి. ఆ ఖర్చు కలిపితే 8 పౌండ్లు. అంటే లోపలి రాగికి టన్ను 100 పౌండ్ల లెక్క పడింది. కొనేవాళ్లలో మళ్లీ మళ్లీ అవే పేర్లు: వివియన్, గ్రెన్‌ఫెల్, విలియమ్స్ ఫాస్టర్. వీళ్లంతా లోపాయికారీగా కలిసిపోయారని గనుల వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. ఈ పద్ధతి చూశాక ఆ అనుమానం న్యాయమే అనిపించింది.

క్యూబా ఖనిజం దగ్గరికొచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. కాగితం మీద ఉండేది ‘కోబ్రే’ అనే పేరు, టన్నులు, ధర. అంతే. ఎల్ కోబ్రే గనులను 1830లలో తిరిగి నడిపించింది బ్రిటిష్ పెట్టుబడి. అందులో స్వాన్సీ రాగి వ్యాపారులకూ వాటా ఉంది. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసింది కానీ, క్యూబా స్పెయిన్ చేతిలో ఉండేది. ఆ సందు చూసుకుని ఆ గనుల్లో బానిసలతోనే పని చేయించారు. నమూనాలో రాగి శాతాన్ని అంత జాగ్రత్తగా తేల్చిన గుమాస్తాలకు, తవ్వినవాళ్ల పేర్లు రాయాల్సిన అవసరమే రాలేదు. ఆ కాగితాల్లో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది ఆ ఖాళీయే.

1865 సెప్టెంబరులో క్యూబా నుంచి ఖనిజంతో వచ్చిన ‘హెక్లా’ అనే ఓడ ఎల్లో ఫీవర్‌నీ మోసుకొచ్చింది. ఊళ్లో కనీసం 15 మంది చనిపోయారు.

మర్నాడు నది ఒడ్డునే నడుచుకుంటూ హావోడ్ వెళ్లాను. 1810 ప్రాంతంలో మొదలైన కర్మాగారం ఇది. పక్కనున్న మోర్వా కర్మాగారంతో 1924లో కలిసిపోయి, చివరికి 1980లో మూతపడింది. ఇప్పుడు అక్కడి పాత పవర్‌హౌస్‌లో విస్కీ డిస్టిలరీ నడుస్తోంది. చుట్టుపక్కల గోడల పైవరసలో నల్లగా మెరిసే దిమ్మెలు చూశాను. కొలిమిలోంచి తీసిన చిట్టెం వేడిగా ఉండగానే అచ్చుల్లో పోసి చేసినవి. చేత్తో తడిమితే గాజులా నున్నగా ఉన్నాయి. ఎదురుగా కిల్వే కొండ ఇప్పుడు పచ్చగా ఉంది. రాగి పొగకు ఒకప్పుడు అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదట. పొగ వల్ల పంటలు, పశువులు పోతున్నాయని రైతులు వేసిన కేసు 1833లో కార్మార్థెన్‌లో విచారణకొస్తే, వివియన్ కంపెనీ నిర్దోషిగా బయటపడింది. ఆ నేలను బాగుచేసే ప్రయత్నం గట్టిగా మొదలైంది 1961లో.

ఈ లోయలో కరిగిన రాగిని ఈస్టిండియా కంపెనీ పెద్ద ఎత్తున కొని ఇండియాకు పంపేది. చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కాగితాలున్నాయి. మన జిల్లాలు చాలావరకు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఈసారి ఇంటికొచ్చినప్పుడు అక్కడ రాగి దిగుమతి పద్దులు అడిగి చూస్తాను.