వరద రాదు అని చెప్పేవాడు: నా పీహెచ్‌డీ అనుభవం

మొన్న గురువారం వైవా అయిపోయిందండి. బోర్డు వాళ్ళు సంతకాలు పెట్టేశారు, ఫోటో దిగాం, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారికి శాలువా కప్పాం, ఇంటికొచ్చి రెండు రోజులు పడుకున్నాను. ఇప్పుడు లేచి రాస్తున్నా. నెల పోతే నేను కూడా అన్నీ మర్చిపోయి, కష్టపడితే సాధించలేనిది లేదమ్మా అని స్టూడెంట్స్‌కి స్పీచులిచ్చే బ్యాచ్‌లో కలిసిపోతాను, అందుకే మంట చల్లారకముందే రాసేయాలని.

నా టాపిక్ ఈ-లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మేనేజ్‌మెంట్‌కి డేటా మైనింగ్. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ విషయం చిన్నదే. ఒక సాఫ్ట్‌వేర్‌లో వేల ఫైళ్ళుంటాయి, టెస్టింగ్‌కి మనుషులు నలుగురే ఉంటారు, డెలివరీ మాత్రం వచ్చే వారమే. బగ్గులు, అంటే కోడులో తప్పులు, ఏ ఫైళ్ళలో ఉండే ఛాన్స్ ఎక్కువో పాత డేటా తవ్వి ముందే చెప్పగలిగితే ప్రాజెక్ట్ మేనేజర్ ఆ నలుగుర్నీ తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతాడు. అంతే. దానికి ముందు ఈ-లెర్నింగ్ అని ఎందుకు తగిలించారంటే, నేను రిజిస్టరైంది 2017లో, స్వయం పోర్టల్ అప్పుడే వచ్చింది, ఎక్కడ చూసినా ఆన్‌లైన్ కోర్సుల మాటే. టైటిల్‌లో ఆ ముక్క ఉంటే కమిటీ అడ్డు చెప్పదమ్మా అన్నారు మా గైడ్ గారు. చెప్పలేదు కూడా. ఐదేళ్ళ తర్వాత చెప్పింది.

ఎంట్రన్స్, ఇంటర్వ్యూ సులువుగానే అయిపోయాయి. ప్రీ పీహెచ్‌డీ పరీక్షల్లో మా బ్యాచ్‌కి నాదే ఫస్ట్, ఇది ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నా. కోనసీమలో ఒక లంక గ్రామం నుంచి వెళ్ళి పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, రాత్రి పిల్లలు పడుకున్నాక చదివినదాన్ని, ఆ మాత్రం చెప్పుకుంటే తప్పు లేదు.

ఇక డేటా సంగతి. మా ఫీల్డ్‌లో అందరూ వాడేది నాసా డేటా. ప్రామిస్ రిపాజిటరీ అని 2005లో పెట్టారు, అందులోంచి ఉచితంగా దించుకోవచ్చు. నేను ఎక్కువగా వాడింది సీఎమ్1 అనే ఫైలు. 498 వరసలు, ఒక్కో వరస ఒక్కో మాడ్యూలు, అంటే కోడులో ఒక్కో ముక్క. ఎన్ని లైన్ల కోడు, ఎంత మెలికలున్నాయి, కోడు ఎంత క్లిష్టమో లెక్కేసే మెక్‌కేబ్ కొలతలు, హాల్‌స్టెడ్ కొలతలు, అన్నీ కలిపి 21 కాలమ్స్, చివర్లో బగ్ ఉందా లేదా. వెకా అనే డేటా మైనింగ్ టూల్‌లో ఓపెన్ చేసి, జె48 అనే అల్గారిథమ్ పెట్టి, టెన్ ఫోల్డ్ క్రాస్ వాలిడేషన్ (డేటాని పది ముక్కలు చేసి, తొమ్మిదింటితో నేర్పించి మిగిలినదాని మీద పరీక్ష పెట్టడం) నొక్కితే అక్యురసీ, అంటే నూటికి ఎన్ని సరిగ్గా చెప్పిందో, వచ్చేస్తుంది. న్యూజిలాండ్ వాళ్ళు చేసిన టూల్ అది, బంగారం లాంటి టూల్, తప్పు దాంది కాదు. నేను రెండు అల్గారిథమ్స్ కలిపి హైబ్రిడ్ అని పేరు పెట్టి 89.76 శాతం తెచ్చాను. మా గైడ్ గారు భేష్ అన్నారు. పేపర్ కూడా అచ్చయింది. ఏ జర్నల్‌లో అన్నది అడక్కండి, వాట్సాప్‌లో పంపిస్తే మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్ వచ్చింది, డబ్బులు కట్టిన రోజే సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఆ పేపర్ ఒక్కడు చదివినా నా బతుకు ఇంకోలా ఉండేది.

2022 జూలై వరద గుర్తుందిగా. భద్రాచలంలో 71 అడుగులు దాటేసింది, ఇక్కడ ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మా లంక మొత్తం మునిగింది. మా ఇంట్లో గుమ్మం దాటి నడుం లోతు నీళ్ళు. సర్టిఫికెట్లు సూట్‌కేసులో పెట్టి అటకెక్కించి, లాప్‌టాప్‌ని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి యూరియా సంచిలో వేసుకుని పిల్లలతో పడవెక్కాను, అత్తయ్య గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను, ఆవిడ చేతిలో దేవుడి పటాలు, నా చేతిలో యూరియా సంచి. పునరావాస కేంద్రంలో బెంచీ మీద కూర్చునే ఆర్.ఆర్.ఎమ్ స్లైడ్స్ చేశాను. రీసెర్చ్ రివ్యూ మీటింగ్ ఆగస్టులో.

ఆ మీటింగ్ గురించి రాయడానికే ఇదంతా.

ఉదయం ఐదింటి బస్సుకి రావులపాలెం, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, పదిన్నరకి హాల్లో ఉన్నాను. నాకంటే ముందు ఐదుగురు అయ్యారు, అందరికీ ఓకే, క్యారీ ఆన్. నా టర్న్‌కి ఒక పెద్దాయన బయటినుంచి సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వచ్చి ఉన్నారు, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నారు. నా 89.76 స్లైడ్ పడగానే కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఈ 498లో బగ్గులున్నవి ఎన్నమ్మా?"

"49 అండి."

"అయితే నేను ఏ అల్గారిథమూ లేకుండా, అన్నీ బాగానే ఉన్నాయి అని కళ్ళు మూసుకుని చెప్పేస్తే నా అక్యురసీ ఎంత?"

నేను ఫోన్ తీసి లెక్క వేశాను. వేయకుండా ఉండాల్సింది. 498లో 449. 90.16.

"మీది ఎంత?"

"89.76 అండి."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు, అదే ఇంకా కాలింది. "మీదే ఊరమ్మా" అన్నారు. చెప్పాను. "అయితే మీకు తెలియాలే, ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎన్ని అడుగులకి?" "11.75 అండి" అన్నాను, ఇది నిద్రలో లేపి అడిగినా చెప్తాను. "ఏడాదిలో ఎన్ని రోజులు ఉంటుంది ఆ హెచ్చరిక?" "ఓ పది పదిహేను రోజులండి." "మరి రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ వరద రాదు, ఇవాళ వరద రాదు అని చెప్పేవాణ్ణి ఒకణ్ణి జీతమిచ్చి పెడితే ఏడాదికి 350 రోజులు వాడి మాటే నిజం. వాణ్ణి నమ్మి మీరు పిల్లల్ని లంకలో పడుకోబెడతారా?"

నెల క్రితమే పడవెక్కిన మనిషినండి నేను. ఏం మాట్లాడను?

అక్కడితో ఆపలేదు. ఏవి సరిగ్గా చెప్పిందో ఏవి తప్పు చెప్పిందో విడివిడిగా చూపే కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చూపించమన్నారు. నా మోడల్ 49 బగ్గుల్లో 9 పట్టుకుంది, 40 వదిలేసింది, ఇంకో 11 మంచివాటిని పట్టుకుని దొంగలంది. ఆ స్లైడ్ నా దగ్గర ఎప్పుడూ ఉంది, నేనే చూడలేదు, పై నంబర్ చూసి మురిసిపోయాను. ఆ తర్వాత ఇంకో దెబ్బ. "సీఎమ్1 అంటే ఏంటో తెలుసా?" నాసా డేటా అన్నాను. "అంతరిక్ష నౌకలో ఒక పరికరానికి సీ లాంగ్వేజ్‌లో రాసిన సాఫ్ట్‌వేర్. మీ టైటిల్‌లో ఈ-లెర్నింగ్ ఉంది. ఆ నౌకలో ఎవరు చదువుకుంటున్నారు?"

ఈసారి హాలంతా నవ్వింది. వెటకారం మా గోదారోళ్ళ సొత్తనుకునేదాన్ని. మా గైడ్ గారి వైపు చూశాను, ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. ఆ ఒక్క క్షణం మాత్రం ఆయన్ని క్షమించలేదు, ఇప్పటికీ. మంచి మనిషే, టీ ఇప్పించకుండా ఎప్పుడూ పంపలేదు, కానీ ఐదేళ్ళలో ఒక్కసారైనా బగ్గులున్నవి ఎన్ని అని అడగాల్సింది ఆయనే కదా. నాట్ సాటిస్‌ఫాక్టరీ అని రాశారు. బస్టాండులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. మా ఆయన ఫోన్ చేసి ఏమైంది అంటే ఆయ్ ఏమీ కాలేదండి అని కట్ చేశాను.

ఒక వారం వెకా తెరవలేదు. తర్వాత పంతం వచ్చింది. బగ్గులున్నవి తక్కువుంటే వాటిని పెంచడానికి స్మోట్ అని ఒక పద్ధతి ఉంది, 2002 నాటిది, ఉన్న వరసల మధ్యలో కృత్రిమంగా కొత్త వరసలు పుట్టిస్తుంది. ఫైలు మొత్తానికి స్మోట్ పెట్టి క్రాస్ వాలిడేషన్ చేశాను, అక్యురసీ 90 దాటి ఎక్కడికో పోయింది. ఎగిరి గంతేశాను. ఈసారి మాత్రం తెలివొచ్చి, వేరే కాలేజీలో చేసే ఫ్రెండ్‌కి చూపించాను. వదినా, పరీక్షలో పెట్టే వరసల్లోంచే ట్రైనింగ్‌కి కాపీలు పుట్టించావు, పేపర్ లీక్ చేసి ర్యాంక్ తెచ్చుకున్నట్టుంది అంది. స్మోట్ ట్రైనింగ్ భాగానికే వేయాలి, వెకాలో ఫిల్టర్డ్ క్లాసిఫయర్‌లో పెడితే అదే చూసుకుంటుంది. అలా పెట్టగానే నా గంతు దిగిపోయింది. పైగా మార్టిన్ షెపర్డ్ వాళ్ళు 2013లో రాసిన పేపర్ చదివితే, ఆ నాసా ఫైళ్ళల్లోనే ఒకే వరస రెండు మూడు సార్లు ఉందని, కుదరని విలువలు కూడా ఉన్నాయని చెప్పారు. అది వచ్చి అప్పటికే తొమ్మిదేళ్ళు. మీరు ఈ ఫీల్డ్‌లో ఉంటే ముందు ఆ పేపర్ చదవండి, తర్వాతే డౌన్‌లోడ్ బటన్ నొక్కండి.

అప్పుడు ఆ పెద్దాయన రెండో వెటకారమే దారి చూపించింది. ఈ-లెర్నింగ్ ఏది అన్నారు కదా, ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్ ఉందిగా. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టాడు, 2002లో మొదటి వెర్షన్, మా కాలేజీలో కూడా అసైన్‌మెంట్లు అందులోనే పెడతాం. ఓపెన్ సోర్స్, కోడ్ అంతా పబ్లిక్, ఎవరు ఎప్పుడు ఏ ఫైలు మార్చారో గిట్ అనే మార్పుల చిట్టాలో ఉంది, బగ్ రిపోర్టులు ట్రాకర్‌లో ఉన్నాయి, ఇంకా బాగున్న సంగతేంటంటే ప్రతి మార్పు మెసేజ్ ముందు ఎమ్‌డీఎల్ అని ఆ ట్రాకర్ నంబరు వేస్తారు. అంటే ఏ మార్పు ఏ బగ్ కోసమో కలపొచ్చు. ఇన్నాళ్ళూ నా ఒళ్ళోనే పెట్టుకుని నౌక కోసం వెతికాను. రిపాజిటరీ దించుకోడానికి మా లంకలో సిగ్నల్ చాలక ఏటిగట్టు మీద మోపెడ్ ఆపి హాట్‌స్పాట్ పెట్టుకుని కూర్చున్నాను రెండు సాయంత్రాలు, మేకలు కాసుకునే పెద్దాయన ఒకాయన వచ్చి బండి ఆగిపోయిందా అమ్మా అని అడిగి వెళ్ళేవాడు.

ట్రాకర్‌లో బగ్ అని రాసున్నదల్లా బగ్ కాదు. జర్మనీలో హెర్జిగ్ వాళ్ళు 2013లో 7 వేలకి పైగా రిపోర్టులు చేత్తో చదివి, బగ్ అని ముద్ర పడ్డవాటిలో మూడోవంతు బగ్గే కాదని తేల్చారు. నేను 600 చదివాను. టైపింగ్ తప్పు, కొత్త ఫీచర్ కావాలని అడగడం, డాక్యుమెంట్ మార్చమనడం, అన్నీ బగ్గులే వాళ్ళకి. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇదే పని, ఎనిమిది నెలలు. థీసిస్‌లో ఇది ఒకటిన్నర పేజీ.

ఇంకోటి, వరసల్ని కలగాపులగంగా పది ముక్కలు చేసి టెస్ట్ చేయకూడదు ఇక్కడ. రేపటి మార్పులు చూసి నిన్నటి బగ్ చెప్పడమవుతుంది, వరద తీశాక హెచ్చరిక ఎగరేసినట్టు. పాత వెర్షన్‌తో నేర్పించి తర్వాతి వెర్షన్ మీద పరీక్ష పెట్టాను. అక్యురసీ కాలమ్ టేబుల్‌లోంచి తీసేశాను. నా మోడల్ బగ్గులున్న ఫైళ్ళలో సగం కంటే కొంచెం ఎక్కువ పట్టుకుంటుంది, అదీ కోడ్ పొడవు చూసి కాదు, ఈ మధ్య ఎన్నిసార్లు ఎంతమంది చేతులు పడ్డాయన్నది చూసి. చూడ్డానికి చిన్న నంబరే. కానీ నలుగురు టెస్టర్లున్న మేనేజర్‌కి ఈ ఇరవై ఫైళ్ళు ముందు చూడవయ్యా అని లిస్టు ఇవ్వొచ్చు. రెండో ఆర్.ఆర్.ఎమ్‌లో అదే పెద్దాయన, అదే కుర్చీ. మొత్తం విని "ఇది తక్కువుంది, కాబట్టి నమ్ముతాను" అన్నారు. చప్పట్లు గట్రా ఏం లేవు.

ప్రాజెక్టుకి ఎంత శ్రమ పడుతుందో అంచనా వేసే ఎఫర్ట్ ఎస్టిమేషన్ చాప్టర్ ఒకటి ఉండేది, బోయమ్ 1981లో ఇచ్చిన కొకోమో డేటా, మొత్తం 63 ప్రాజెక్టులే, దాని మీద న్యూరల్ నెట్‌వర్క్ పెట్టాను. నేనే పీకేశాను, ఎవరూ అడగకముందే.

కాపీ ఎంతుందో చూసే ప్లేజియరిజం చెక్‌లో మొదట 23 శాతం వచ్చింది, యూజీసీ 2018 రూల్ ప్రకారం 10 దాటకూడదు. సగం నా పాత పేపర్లే, ఆ వాట్సాప్ జర్నల్ పేపర్‌తో సహా. దాన్ని థీసిస్‌లోంచి తీసేస్తే శాతం పడిపోయింది, మనసు కూడా తేలికపడింది. మాటలు తిప్పి రాసే సాఫ్ట్‌వేర్లు వాడకండి, మా జూనియర్ ఒకడు వాడితే డెసిషన్ ట్రీ కాస్తా తీర్మాన వృక్షం లాంటి ఇంగ్లీషు అయిపోయింది. బాకీల్లేవని చూపే నో డ్యూస్ కాగితానికి తొమ్మిది సంతకాలు, లైబ్రరీ ఆయన తప్ప అందరూ భోజనానికి వెళ్ళి ఉంటారు, ఎప్పుడెళ్ళినా. ఆడవాళ్ళకి ఆరేళ్ళ మీద ఇంకో రెండేళ్ళు గడువుంటుంది, నాకు వర్తించిన యూజీసీ 2016 రెగ్యులేషన్స్‌లోనే ఉంది, కానీ సెక్షన్ గుమస్తా గారు లేదనే చెప్తారు, ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. నేను ఏడో ఏట, 2024లో సబ్మిట్ చేశాను.

వైవా నలభై నిమిషాలు. బగ్గులున్నవి ఎన్ని అని ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను, మొదటి స్లైడే అది పెట్టాను.

ఇప్పుడు ప్రొవిజనల్ సర్టిఫికెట్ కావాలంటే 2017 రిజిస్ట్రేషన్ ఫీజు చలానా ఒరిజినల్ తెమ్మంటున్నారు. అది అటక మీది సూట్‌కేసులో ఉంది. వరద అంత ఎత్తు ఎక్కలేదు గానీ పెంకుల్లోంచి వాన కారి తడిసింది, ఎండబెడితే నీలం సిరా పాకిపోయి చలానా నంబర్లో చివరి మూడంకెలు పోయాయి. బ్యాంకు సీలు మాత్రం కనబడుతోంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని సోమవారం ఐదింటి బస్సుకి వెళ్తున్నాను.