ప్రింటర్ బాగానే ఉంది, క్యూ ఆగిపోయింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు చిన్న ఆన్‌లైన్ షాపు ఉంది. ఒడియా ఫారాలూ వస్తాయి, తెలుగు ఫారాలూ వస్తాయి. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే కాబట్టి అటువాళ్లూ ఇటే వచ్చేస్తారు. పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉబుంటు వేసి నడుపుతున్నాను. అందులో ప్రింట్ పనంతా చూసేది కప్స్ అనే ప్రోగ్రాం. పనులన్నిటినీ వరసలో, అంటే క్యూలో, పెట్టి ప్రింటర్‌కి పంపేది అదే.

అడ్మిట్ కార్డులు విడుదలైన సాయంత్రం, షాపు నిండా పిల్లలు. కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది, ప్రింటర్‌కి లేదు. లేజర్ ప్రింటర్ లోపలి హీటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోదు. ప్రింటర్ మళ్లీ ఆన్ అయింది, పచ్చ లైటూ వెలిగింది, కాగితం మాత్రం రాదు. "ఏటి బాబూ, ఇంకా రాలేదేటి?" అని ఒక పెద్దాయన. మా కుర్రాడు టెన్షన్‌లో ప్రింట్ మీద ప్రింట్ కొట్టేస్తున్నాడు.

వాణ్ని ఆపి, కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ఎల్‌పీస్టాట్ మైనస్ టీ కొట్టాను, ప్రింటర్ పరిస్థితి చూపించే కమాండ్ అది. ఒక లైనులో ప్రింటర్ 'డిసేబుల్డ్', అంటే ఆపేసి ఉంది, అని ఉంది. ఇంకో లైనులో అదే ప్రింటర్ పనులు 'యాక్సెప్టింగ్' అని ఉంది. తిరకాసంతా ఇక్కడే. కప్స్‌లో పని తీసుకోవడం వేరు, అచ్చు వేయడం వేరు. తప్పు జరిగితే క్యూ ఆపెయ్యమనే సెట్టింగ్ ఉంటే, మధ్యలో ప్రింటర్ మాయమవగానే అది ఆగిపోతుంది. కరెంటు వచ్చినా తనంతట తాను లేవదు. కొత్త పనులు మాత్రం లోపలికి తీసుకుంటూనే ఉంటుంది.

ఆగిన క్యూని మళ్లీ నడిపించే కమాండ్ కప్స్‌ఎనేబుల్. వెంటనే అది కొడితే కుర్రాడు కొట్టినవన్నీ వరసగా బయటికొస్తాయి, కాగితాలు దండగ. అందుకని ముందు క్యూలో ఉన్న పనులు చూపించే ఎల్‌పీస్టాట్ మైనస్ ఓ చూశాను. పని నంబరు, యూజర్, బైట్లలో సైజు, టైము కనిపిస్తాయి. యూజర్ అన్నిటికీ ఒకటే, నేనే. ఫైలు పేర్లకి ఎల్‌పీక్యూ కొట్టాలి. అక్కడా అన్నీ అడ్మిట్ కార్డులే! పేరూ సైజూ రెండూ కలిసినవి చూసుకుని, ఒక్కొక్కటీ నంబరుతో క్యాన్సిల్ చేశాను. క్యాన్సిల్ మైనస్ ఏ కొడితే అన్నీ ఒకేసారి పోతాయి గానీ, ఎదురుగా ఇంతమంది నిలబడి ఉంటే ఆ పని ఎలా చేస్తాం?

కాశీనగర్ బస్సు పోతుందని ఒక అమ్మాయి కంగారు పడుతోంది. ఆమె పని నంబరు చూసి ఎల్‌పీ మైనస్ ఐ, నంబరు, మైనస్ క్యూ 100 అని కొట్టాను. ప్రాధాన్యం 1 నుంచి 100 దాకా ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోతే 50. ఆ తర్వాతే కప్స్‌ఎనేబుల్. ఆమె కార్డే ముందొచ్చింది. "మేం ముందొచ్చాం కదేటి!" అన్నాడు పెద్దాయన. ఆయన మాటా నిజమే.

రాత్రి షట్టర్ దించాక ఎల్‌పీఅడ్మిన్ అనే కమాండ్‌తో ఆ ప్రింటర్ ఎర్రర్ పాలసీని, అంటే తప్పు జరిగితే ఏం చెయ్యాలో చెప్పే ఆ సెట్టింగ్‌ని, రీట్రై జాబ్‌కి మార్చాను. ఇప్పుడు ప్రింటర్ కనబడకపోతే కాసేపాగి తనే మళ్లీ ప్రయత్నిస్తుంది.

పనిలో పనిగా ఇంకోటి కూడా సరిచేశాను. ప్రింటైపోయిన ఫైళ్లని కప్స్ మామూలుగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజు, ప్రింట్ పనులు దాచే స్పూల్ ఫోల్డర్‌లో ఉంచుతుంది. మా షాపులో అచ్చయ్యేవి ఆధార్‌లు, పాస్‌బుక్‌లు. కాన్ఫిగ్ ఫైల్లో ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్ దగ్గర 'నో' పెట్టి, కప్స్‌ని రీస్టార్ట్ చేశాను.