ప్యాచ్ ఎడిటర్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందుకు?

కొన్ని నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత సింథ్, అంటే సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం, కొన్నాను. సౌండ్ అద్భుతం, కానీ ముందున్నది రెండు లైన్ల డిస్‌ప్లే, నాలుగు బటన్లు. ఒక్క ఫిల్టర్ సెట్టింగ్ మార్చాలంటే మెనూ లోపలికి, ఆ మెనూలో ఇంకో మెనూలోకి వెళ్లాలి. ఇలాంటి సెట్టింగులన్నీ కలిపి దాచుకున్న ఒక్కో సౌండ్‌ని ప్యాచ్ అంటారు. ప్యాచ్‌లని కంప్యూటర్ తెర మీదే మార్చుకునేందుకు కంపెనీ వాళ్ల ఎడిటర్ ఉండేది గానీ అది 32-బిట్ కాలం నాటిది, 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలినా వచ్చాక ఆ రకం ప్రోగ్రాములు మ్యాక్‌లో తెరుచుకోవడమే మానేశాయి, కంపెనీ మళ్లీ దాని జోలికి రాలేదు. వెతగ్గా వెతగ్గా ఎవరో ఒకాయన తీరిక వేళల్లో రాసి ఉచితంగా పెట్టిన ఎడిటర్ దొరికింది. ఆత్రంగా డౌన్‌లోడ్ చేసి తెరిస్తే ఇన్‌స్టాలర్ రెండో తెరలోనే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది.

అక్కడ చెయ్యి ఆగింది. ఈ ప్రోగ్రాము చేసే పనేంటి? మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి) పోర్ట్ తెరిచి సింథ్‌కి కొన్ని బైట్లు పంపడం, అది పంపినవి అందుకోవడం, ప్యాచ్‌లని ఒక ఫోల్డర్‌లో దాచుకోవడం, అంతే. ఇందులో దేనికీ కంప్యూటర్ మొత్తం మీద అధికారం అక్కర్లేదు. మరి ఎందుకు అడుగుతోంది?

ఇలాంటి టూల్స్ మీద నాకు అనుమానం లేదు, ఇష్టం ఉంది. కంపెనీ వదిలేసిన గేర్‌ని ఇంకా బతికిస్తున్నది వీటిని రాసేవాళ్లే. మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే సింథ్ కంపెనీ తన మాడ్యూళ్ల కోడ్ బయట పెట్టింది కాబట్టే వాటికి వేరేవాళ్లు రాసిన, పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్లు, అంటే కొత్త ఫర్మ్‌వేర్లు వచ్చాయి, సింత్‌స్ట్రామ్ వాళ్లు 2023లో డెల్యూజ్ అనే తమ వాయిద్యం ఫర్మ్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ చేశాక వాడేవాళ్లే దానికి కొత్త ఫీచర్లు కలుపుకుంటూ పోతున్నారు. అందుకే ఈ విషయం నాకు ముఖ్యం. వీటిని వాడొద్దు అని చెప్పడం తేలిక, కానీ వాడకుండా ఉండలేం, కాబట్టి ఎలా వాడాలో ఆలోచించాలి.

మొదట, వీటిని తెరిచేటప్పుడు వచ్చే హెచ్చరిక సంగతి. ఇలాంటి టూల్ తెరవగానే మ్యాక్‌లో గేట్‌కీపర్, విండోస్‌లో స్మార్ట్‌స్క్రీన్ అనే కాపలా ఏర్పాట్లు అడ్డొస్తాయి. చాలాసార్లు కారణం వైరస్ కాదు, తయారు చేసిందెవరో చెప్పే డిజిటల్ సంతకం లేకపోవడం. డెవలపర్‌గా నమోదు కావడానికి ఆపిల్‌కి ఏటా ఫీజు కట్టాలి, ఉచితంగా పంచే మనిషి అది ఎందుకు కడతాడు? అందుకని రీడ్‌మీలో రాసేస్తాడు, హెచ్చరిక వస్తుంది, పట్టించుకోకండి, టెర్మినల్‌లో ఈ కమాండ్ కొట్టండి అని. ఆయన వైపు నుంచి అది న్యాయమే. కానీ పది టూల్స్ ఇలా ఇన్‌స్టాల్ చేసేసరికి మన చేతికి అదే అలవాటైపోతుంది. పదకొండోసారి నిజంగా ప్రమాదం ఉన్నప్పుడు కూడా అదే కమాండ్ అదే వేగంతో కొడతాం. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాలో కంట్రోల్ క్లిక్‌తో దాటేసే దారి తీసేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతిస్తే తప్ప తెరుచుకోకుండా చేశారు. చాలామంది విసుక్కున్నారు గానీ ఆ కాస్త ఆలస్యం మంచిదే అనిపిస్తుంది నాకు.

ఈ అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో 2017 మేలో తెలిసొచ్చింది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత వీడియో టూల్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకి ఎవరో చొరబడి, అసలు ఫైల్ తీసేసి ప్రోటాన్ అనే మాల్‌వేర్ కలిపిన ఫైల్ పెట్టారు. మే 2 నుంచి 6 వరకు అది అక్కడే ఉంది. తెరిస్తే, అదనపు కోడెక్‌లు ఇన్‌స్టాల్ చేయాలి, పాస్‌వర్డ్ ఇవ్వండి అని అడిగేది. ప్యానిక్ అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరు అలాగే ఇచ్చేశారు, వాళ్ల సోర్స్ కోడ్ దొంగల చేతికి పోయింది. ఇంతకు ముందెప్పుడూ అడగని ప్రోగ్రాము ఇప్పుడెందుకు అడుగుతోందని ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదని తర్వాత ఆయనే దాపరికం లేకుండా రాశారు. సాఫ్ట్‌వేర్ తయారు చేయడమే వృత్తిగా ఉన్న మనిషి ఆయన.

కాబట్టి నేను చూసేది ఒక్కటే, పనికీ అడిగే అధికారానికీ పొంతన ఉందా అని. ఎడిటర్ మిడి పోర్ట్ అడిగితే సరే. పాస్‌వర్డ్ అడిగితే ఎందుకో చెప్పాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్‌కి అడ్మిన్ అధికారం నిజంగానే కావాలి, డ్రైవర్ ఉండేది సిస్టమ్ లోపలే కదా, అందుకే ఊరూ పేరూ తెలియని చోట నుంచి డ్రైవర్ మాత్రం నేను తీసుకోను. యాంటీవైరస్ ఆపేయమని రాసి ఉంటే అక్కడితో ఆ పేజీ మూసేస్తాను, ఎంత మంచి టూల్ అయినా సరే.

రికార్డింగ్ ప్రోగ్రాముకి సౌండ్లు, ఎఫెక్ట్‌లు జోడించే ప్లగిన్ల దగ్గర ఈ కొలత అంత బాగా పనిచేయదు, ఎందుకంటే ప్లగిన్ అసలు ఏమీ అడగదు. మామూలుగా అది మనం రికార్డింగ్‌కి వాడే ప్రోగ్రాము లోపలే నడుస్తుంది, ఆ ప్రోగ్రాముకి ఏ అనుమతులు ఉన్నాయో అవన్నీ దానికీ వస్తాయి. మైక్ అనుమతి ఎలాగూ ఇచ్చేసి ఉంటాం. మీరు తెరవగల ఫైళ్లన్నీ అదీ తెరవగలదు. రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాము స్క్రిప్టులు, ఏబుల్టన్ లైవ్‌లో నోడ్ (జావాస్క్రిప్ట్ కోడ్ నడిపేది) వాడే మ్యాక్స్ ఫర్ లైవ్ డివైజ్‌లు కూడా అంతే, చిన్న మిడి ఎఫెక్ట్‌లా కనబడుతుంది గానీ లోపల నడిచేది పూర్తి స్థాయి కోడ్. 2019లో ఈసెట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ లౌడ్‌మైనర్ అనే దాన్ని బయటపెట్టింది. క్రాక్ చేసిన వీఎస్‌టీ (ఒక రకం ప్లగిన్) సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక వర్చువల్ మెషీన్‌ని (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) కూడా దించి, మన కంప్యూటర్ మీద రహస్యంగా క్రిప్టోకరెన్సీ తవ్వేది. సంగీతం వాళ్లనే ఎందుకు ఎంచుకున్నారంటే, మన దగ్గర గట్టి ప్రాసెసర్లు ఉంటాయి, ఫ్యాన్ గోలపెట్టినా సీపీయూ నిండిపోయినా ప్రాజెక్ట్ పెద్దదైంది కాబోలు అనుకుంటాం. మన అలవాట్లు వాళ్లకి అంత బాగా తెలుసు. అది క్రాక్ సాఫ్ట్‌వేర్ కథే, నిజాయితీగా పంచే టూల్స్‌ది కాదు, అయినా ఒక ప్లగిన్ లోపల ఎంత దాచొచ్చో దాన్ని చూస్తే తెలుస్తుంది.

కోడ్ గిట్‌హబ్‌లో ఉంది అందరూ చూసేలా కదా, ఇంకేం భయం అంటారు చాలామంది. కోడ్ ఉండటం మంచిదే, కానీ మీరు డౌన్‌లోడ్ చేసింది ఆ కోడ్ నుంచే తయారైందని ఎవరు చెప్పారు? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, లినక్స్‌లో ఫైళ్లు కుదించే లైబ్రరీలో దొంగదారి బయటపడింది గుర్తుందా, అందులో తాళం తీసే ముక్క అందరికీ కనబడే కోడ్ రిపోజిటరీలో లేదు, విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉంది. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఒక ఇంజనీర్ పట్టుబట్టి వెతికాడు కాబట్టి దొరికింది. మన చిన్న ఎడిటర్ల మీద అంత పెద్ద పన్నాగం ఎవరూ పన్నరు, నిజమే. కానీ అసలు పేజీ బదులు సెర్చ్‌లో పైన వచ్చిన ఏదో డౌన్‌లోడ్ సైట్ నుంచి తీసుకోవడం మనం రోజూ చేసే తప్పు. రాసిన మనిషి పేజీకే వెళ్లండి, ఫైల్ మారలేదని తేల్చే గుర్తు, అంటే చెక్‌సమ్ ఇచ్చి ఉంటే పోల్చి చూడండి, నిమిషం కూడా పట్టదు. హ్యాండ్‌బ్రేక్ విషయంలో పోల్చి చూసినవాళ్లకి తేడా కనబడేది.

వీలున్నప్పుడల్లా నేను బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్లనే ఎంచుకుంటాను. బ్రౌజర్ నుంచి మిడి నడిపే వెబ్ మిడి వాడాలంటే బ్రౌజర్ ముందు మనల్ని అడుగుతుంది, మనం చూపించని ఫైల్‌ని ఆ పేజీ తెరవలేదు. అయితే కంప్యూటర్‌కి క్షేమం అంటే గేర్‌కి క్షేమం అని కాదు. సింథ్‌కి తయారీదారు సొంత పద్ధతిలో వెళ్లే సిసెక్స్ అనే మిడి మెసేజ్ ఎఫ్0 అనే బైట్‌తో మొదలై ఎఫ్7తో ముగుస్తుంది, మధ్యలో ఏముండాలో చాలావరకు తయారీదారు ఇష్టం. చాలా సింథ్‌లలో ప్యాచ్ పంపేదీ, మెమరీ మొత్తం తిరగరాసేదీ, కొన్నిట్లో ఫర్మ్‌వేర్ మార్చేదీ ఈ దారిలోనే. దురుద్దేశం ఏమీ అక్కర్లేదు, ఎడిటర్‌లో చిన్న బగ్ ఉన్నా ఏళ్ల తరబడి చేసుకున్న ప్యాచ్‌లు తుడిచిపెట్టుకుపోతాయి. నాకు ఒకసారి ప్యాచ్‌ల బ్యాంక్ ఒకటి మొత్తం అలా పోయింది, ఆ సౌండ్లు మళ్లీ చేయడం కుదరలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి కొత్త టూల్ ఏదైనా సింథ్‌ని ముట్టుకునే ముందు పూర్తి డంప్ (మెమరీ మొత్తానికి నకలు) తీసి, ఆ డంప్‌ని తిరిగి లోడ్ చేసి పనిచేస్తోందో లేదో కూడా చూస్తాను. ఫర్మ్‌వేర్ అయితే ఇంకా జాగ్రత్త, అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే పాత ఫర్మ్‌వేర్‌కి తిరిగి వెళ్లే దారి ఉందో లేదో తెలుసుకున్నాకే మొదలుపెడతాను.

ఇంతకీ ఆ పాస్‌వర్డ్ సంగతి. ఇన్‌స్టాలర్ మూసేసి, రాసినాయనకే మెసేజ్ పెట్టాను, మీ టూల్ చాలా బాగుంది, కానీ అడ్మిన్ అధికారం ఎందుకు అడుగుతోంది అని. నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. ఫ్యాక్టరీ ప్యాచ్‌ల ఫోల్డర్‌ని యూజర్లందరికీ కలిపి ఉండే చోట పెట్టాడట, ఇన్‌స్టాలర్ తయారుచేసే ప్రోగ్రాములో మొదటినుంచీ ఉన్న సెట్టింగ్ అదే, ఇంతవరకు ఎవరూ అడగలేదు, తనూ గమనించలేదు అన్నాడు. ఆ వారాంతంలోనే ఇన్‌స్టాలర్ లేకుండా ఒట్టి జిప్ ఫైల్, దాని చెక్‌సమ్ పెట్టాడు. ముందు డంప్ తీసుకుని, జిప్ విప్పి తెరిచాను. పాస్‌వర్డ్ అడగలేదు, మిడి పోర్ట్ ఏదో ఎంచుకోమంది.