సున్నా వేరు, లేకపోవడం వేరు: టెంప్లేట్లలో షరతుల గురించి

వెబ్ పేజీ టెంప్లేట్‌లో, అంటే విలువలు నింపడానికి ఖాళీలు వదిలిన పేజీ నమూనాలో, విలువను చూపించే చోటే షరతు కూడా రాసుకునే వీలు ఇప్పుడు చాలా టెంప్లేట్ భాషల్లో ఉంది. పైథాన్‌తో వాడే జింజా అనే టెంప్లేట్ భాషలో జంట కర్లీ బ్రాకెట్ల మధ్య ముందు చూపవలసిన విలువ, తర్వాత ఇఫ్‌తో షరతు, ఆపై ఎల్స్‌తో ప్రత్యామ్నాయం రాస్తాం. వ్యూ, యాంగ్యులర్, ట్విగ్‌లలో ఇదే పనికి ప్రశ్నార్థకం, కోలన్ గుర్తులతో టెర్నరీ (షరతు, దాని రెండు ఫలితాలు ఒకే వరుసలో) రాస్తాం. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ సొంత టెంప్లేట్ భాష మాత్రం దీన్ని ఒప్పుకోదు. అక్కడ ఇఫ్ ట్యాగ్‌ను తెరిచి మూయాలి, లేదా విలువను చూపేముందు మార్చే ఫిల్టర్లతో సరిపెట్టుకోవాలి.

రాయడంలో కష్టమేమీ లేదు. షరతుగా దేన్ని పెడుతున్నామన్న దగ్గరే చిక్కు వస్తుంది. ఒక పాఠశాల మార్కుల పట్టికను తీసుకుందాం. లెక్కల పరీక్షకు రాని విద్యార్థి గడిలో డేటాబేస్ నల్ (విలువ లేదన్న గుర్తు) ఉంచుతుంది, అది పైథాన్‌లోకి నన్ (None)గా వస్తుంది. పరీక్ష రాసి ఒక్క మార్కూ తెచ్చుకోని విద్యార్థి గడిలో 0 ఉంటుంది. చాలామంది చేయి తిరిగిన అలవాటుతో టెంప్లేట్‌లో {{ మార్కులు ఇఫ్ మార్కులు ఎల్స్ "గైర్హాజరు" }} అన్న ధోరణిలో రాసేస్తారు. 35 వచ్చిన విద్యార్థికి 35 కనిపిస్తుంది, రానివారికి గైర్హాజరు కనిపిస్తుంది, ఈ రెండూ చూసి పేజీని సరిచూసేవారు సరేనంటారు. అయితే నన్‌తో పాటు 0ను, ఖాళీ స్ట్రింగ్‌ను, ఖాళీ లిస్టును కూడా ఆ షరతు అబద్ధంగానే లెక్కిస్తుంది కాబట్టి, మూడు గంటలు హాలులో కూర్చుని సున్నా తెచ్చుకున్న విద్యార్థి కూడా పేజీ మీద గైర్హాజరైపోతాడు. ఇక్కడ అడగవలసింది విలువ నన్ అవునా కాదా అని మాత్రమే. ఆ మాటను "ఈజ్ నాట్ నన్" అని షరతులో విప్పి రాస్తే సున్నా సున్నాగానే కనిపిస్తుంది.

ఫిల్టర్ వాడితే ఈ బాధ తప్పుతుందనుకోవడానికి లేదు. డిఫాల్ట్ అన్న ఫిల్టర్ జాంగోలోనూ ఉంది, జింజాలోనూ ఉంది, రెండింటి ప్రవర్తన మాత్రం వేరు. జాంగోలో అది 0ను కూడా తీసేసి ప్రత్యామ్నాయాన్ని చూపిస్తుంది. నన్‌కు మాత్రమే పనిచేయాలంటే డిఫాల్ట్ ఇఫ్ నన్ అనే వేరే ఫిల్టర్ వాడాలి. జింజాలో మామూలుగా వేరియబుల్ అసలు నిర్వచించకుండా ఉంటేనే డిఫాల్ట్ పనిచేస్తుంది కాబట్టి, విలువ నన్ అయినప్పుడు పేజీ మీద నన్ అన్న మాటే అచ్చవుతుంది. ఒక దాని నుంచి మరొక దానికి టెంప్లేట్లు మార్చుకునేవారు ఈ ఫిల్టర్‌ను ఒక్కొక్కచోటా వెతికి చూసుకోవడం మంచిది.

జావాస్క్రిప్ట్ వైపు కూడా సున్నా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో సందేశాల సంఖ్య తర్వాత రెండు ఆంపర్‌సాండ్‌లు పెట్టి చూపవలసిన భాగం రాస్తే, సంఖ్య 0 అయినప్పుడు ఆ భాగం మాయమై దాని స్థానంలో 0 ఒంటరిగా కనిపిస్తుంది, ఎందుకంటే రియాక్ట్ ఫాల్స్‌ను, నల్‌ను చూపదు గానీ సున్నాను చూపిస్తుంది. సంఖ్య సున్నా కంటే ఎక్కువా అని షరతు పెడితే సరిపోతుంది. నల్, అన్‌డిఫైన్డ్‌లకు మాత్రమే ప్రత్యామ్నాయం కావలసినచోట జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో వచ్చిన జంట ప్రశ్నార్థకాల (??) ఆపరేటర్ ఉంది. సున్నాను కూడా లేనట్టే చూసే నిలువు గీతల జంట (||) కన్నా నాకు అదే నమ్మకం.

హెచ్‌టీఎంఎల్ యాట్రిబ్యూట్లలో షరతు పెట్టేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. బటన్‌ను పనిచేయకుండా చేసే డిసేబుల్డ్ వంటి వాటికి విలువతో పనిలేదు, ట్యాగ్‌లో ఆ పేరు ఉంటే చాలు. విలువ స్థానంలో షరతు పెట్టి ఫాల్స్ అని అచ్చు వేయించినా బటన్ నొక్కుడు పడదు. అందువల్ల యాట్రిబ్యూట్ మొత్తాన్నీ షరతు లోపలికి తేవాలి.

ఒక టెర్నరీలో మరొకటి, దానిలో ఇంకొకటి దూర్చి మార్కుల నుంచి గ్రేడ్ తేల్చే టెంప్లేట్లు కూడా చూస్తుంటాం. పీహెచ్‌పీలో ఇలాంటివి ఎడమ నుంచి జతకట్టి ఊహించని ఫలితం ఇచ్చేవి, 7.4 వెర్షన్‌లో హెచ్చరిక పెట్టారు, 8.0 నుంచి బ్రాకెట్లు లేకుండా రాస్తే ప్రోగ్రామ్ నడవనే నడవదు. గ్రేడ్ వంటి నిర్ణయాన్ని నేను ఒక ఫంక్షన్‌లో తేల్చి, దానికి టెస్టులు రాసి, ఫలితాన్ని మాత్రమే టెంప్లేట్‌కు పంపిస్తాను. గ్రేడ్ ఉంటే గ్రేడ్, లేకుంటే ఒక చిన్న గీత చూపించే పని టెంప్లేట్‌కు వదిలేస్తాను.